ఒక్క రూకకు భోజనం

“ఆ రోజులే వేరు” అనే మాట వినపడని తెలుగిల్లు ఉండదు. అప్పట్లో నెయ్యి కమ్మగా ఉండేదట, నిద్ర హాయిగా పట్టేదట, అన్నిటికీ మించి మనిషికి తీరిక ఉండేదట. నిజమేనా? మన తాతల కాలంతో ఆగకుండా మరికాస్త వెనక్కి నడిచి, కాకతీయుల ఓరుగల్లులో ఒక పూట గడిపివద్దాం.

అందుకు మనకు చక్కని ఆధారం క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న ఈ కావ్యాన్ని రాసింది శ్రీనాథుడేనని వాదించేవారూ ఉన్నారు. ఆ తగవు పండితులకే వదిలేద్దాం. ఇందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే స్నేహితులిద్దరు ఓరుగల్లు వీధులన్నీ చుట్టివస్తారు. కోడిపందెం చూస్తారు, పొట్టేళ్ళ పోట్లాట చూస్తారు. ఎవరికీ తొందర లేదు. ఆకలైతే లక్ష్మణవజ్ఝల పూటకూళ్ళ ఇల్లు ఉండనే ఉన్నది. అక్కడ ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కమ్మని నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు!

నోరూరుతున్నదా? అయితే ఒక్క సంగతి. ఆ విస్తట్లో మిరపకారం చిటికెడు కూడా ఉండే వీలు లేదు. మిరప అమెరికా ఖండపు పంట. 1498లో పోర్చుగీసువారు సముద్రమార్గాన మన దేశానికి వచ్చిన తరువాతనే అది ఇక్కడ అడుగుపెట్టింది. అంతవరకు కారమంటే మిరియాలే. టమాటా, బంగాళాదుంప, వేరుసెనగ కూడా అలా తరువాత వచ్చిన చుట్టాలే. ఎర్రని ఆవకాయ లేని వేసవి, కాఫీ లేని ఉదయం! గుంటూరువారు కాస్త గుండె దిటవు చేసుకోవాలి.

సరే, కారం లేకపోతే పోయింది. ఆ సన్నబియ్యం దంచినదెవరు? మరలు లేని కాలమది. ధాన్యం రోట్లో పోసి, రోకళ్ళతో దంచి, చెరిగి, మళ్ళీ దంచితేగాని కుండలోకి బియ్యం రాదు. పప్పు విసరడానికి తిరగలి. నీళ్ళకు బావి. పొయ్యిలో నిప్పు ఆరిపోతే పొరుగింటికి పరుగెత్తవలసిందే; అగ్గిపెట్టె 19వ శతాబ్దపు వస్తువు. మనకు దంపుళ్ళ పాటలు, తిరగటి పాటలు అంత విరివిగా ఎందుకున్నాయంటే, ఆ చాకిరీ అంతసేపు సాగేది కనుక.

బట్ట సంగతీ అంతే. 13వ శతాబ్దం చివర వెనిస్ యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రాజ్యపు సన్నబట్టలను సాలెగూటి దారంతో పోల్చి మెచ్చుకున్నాడు. ఆ రాజ్యాన్ని ఏలిన రాణినీ పొగిడాడు. ఆవిడ మన రుద్రమదేవే. కాని ఒక్క మగ్గం ఆడడానికి ఎందరో కూర్చుని కదుళ్ళు తిప్పి నూలు తీయాలి. వారి ఊసు ఆయన ఎత్తలేదు.

అప్పుడు రోజుకు అరవై గడియలు. అడుగున సన్నని చిల్లి ఉన్న రాగిగిన్నెను నీళ్ళమీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. గంట కొట్టి ఊరికి చెప్పేవారు. ఈనాడు ఆఫీసు గుమ్మంలోని వేలిముద్రల యంత్రం అయిదు నిమిషాల ఆలస్యాన్ని కూడా పట్టేస్తుంది. మన ఇంటి యజమానికి ఆ కాలంమీద అసూయ పుడితే తప్పుపట్టలేం. నూర్పిళ్ళయ్యాక రైతుకు నిజంగానే కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకునే వీలుండేది. ఇల్లాలికి మాత్రం ఏ నెలలోనూ రోకలి కిందపెట్టే వీలు లేదు.

అంతకన్న పెద్ద భయం మరొకటి. 1941-51 మధ్యకాలంలో కూడా మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళే. ఇప్పుడది 70 దరిదాపులకు వచ్చింది. కాకతీయుల నాడు అంతకన్న మెరుగ్గా ఉండేదని చెప్పే ధైర్యం నాకు లేదు. మశూచి సోకితే వేపమండలు కట్టి అమ్మవారికి మొక్కుకోవడమే. ఆ జబ్బు ప్రపంచంనుంచి పోయిందని ప్రకటించింది 1980లో. కన్నబిడ్డలందరూ పెద్దవారవుతారని ఏ తల్లీ నిబ్బరంగా అనుకోగలిగేది కాదు.

అయితే వారు మనకంటె మేలుగా చేసిన పని ఒకటున్నది. రామప్ప, పాకాల చెరువులు 13వ శతాబ్దంలో కట్టినవి. నేటికీ పొలాలకు నీళ్ళిస్తున్నాయి. చెరువు తవ్వించినవారికి, బాగుచేయించినవారికి దశబంధమనే పేర మాన్యం ఇచ్చేవారు. మనమో, ఎన్నో చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టుకున్నాం. 2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల పూడికతీతకు పూనుకొని, ఆ పథకానికి కాకతీయుల పేరే పెట్టింది.

ఇక ఆ దంపుడు బియ్యం. తవుడుతోబాటు విటమిన్లు పోతాయని తెలిశాక పట్నాలలో దానికి మళ్ళీ గిరాకీ వచ్చింది. పొట్లాలు కట్టి, మామూలు బియ్యంకన్న ఎక్కువ ధరకే అమ్ముతున్నారు. దంచేది మాత్రం చాలావరకు మరే.