మోటారు సైకిలు టైరుపై అంకెలు: కర్షకులు ఎరుగవలసిన సంగతులు

స్టేషన్ ఘన్‌పూరు ప్రాంతమున ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనులలో అనేకము నేడు మోటారు సైకిలు చేయుచున్నది. యూరియా బస్తాలు, పాలక్యానులు, పురుగుమందులు దీనిపైననే సాగుచున్నవి. అదే బండి ఉదయము పొలముబాటను, మధ్యాహ్నము హైదరాబాదు–వరంగల్లు జాతీయ రహదారిని త్రొక్కవలసి యుండును. ఐనను టైరు కొనునపుడు మనలో పలువురు ధరను విచారింతురే గాని, దాని ప్రక్కభాగమున అచ్చొత్తిన అంకెలను చదువరు. టైరు మోయగల బరువును తెలుపునవి ఆ అంకెలే.

'80/100-18 54పి' అను గుర్తును చూడుడు. 80 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 100 అనగా టైరు ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరుపాళ్లు. 18 అనగా రిమ్ము వ్యాసము, అంగుళములలో. 54 అనునది కిలోగ్రాములు కాదు. బరువు పట్టికలోని సంఖ్య. ఆ పట్టికలో 54కు 212 కిలోలు, 47కు 175 కిలోలు. 'పి' అనగా గంటకు 150 కిలోమీటర్ల వేగపరిమితి. కొలత ఒక్కటే యైనను 54కు బదులు 47 గలదానిని వెనుక చక్రమునకు తొడిగినచో 37 కిలోల బలము తగ్గినట్లే.

ఇక లెక్క చూతము. బండి బరువులో వెనుక చక్రముపై పడునది సుమారు 60 కిలోలు, నడుపువానిది 40 కిలోలు అనుకొందము. 45 కిలోల యూరియా బస్తాలు రెండు వెనుక కట్టినచో మొత్తము 190. మూడవ బస్తాతో 235. టైరు హద్దు దాటినది. టైరు తాళినను బండి తాళవలెను గదా! తయారీదారు బండికి నిర్ణయించిన బరువు ఇంతకంటె తక్కువ కావచ్చును. కావున దానినే మొదట పాటింపవలెను. గాలి తగ్గిన టైరు తన పూర్తి బరువును మోయజాలదు, వేడెక్కి పగులును. కావున ప్రయాణమునకు ముందే, టైరు చల్లగా నున్నపుడు గాలి కొలిపింపవలెను.

కొనునపుడు తయారీ తేదీని అడుగుడు. '1224' అనగా 2024వ సంవత్సరము 12వ వారము. ట్యూబు రకమో, ట్యూబ్‌లెస్ రకమో రిమ్మునకు తగినట్లు చూడుడు. బాణపు గుర్తున్నచో చక్రము ఆ దిక్కుననే తిరుగునట్లు బిగింపించుడు. గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును ద్విచక్ర వాహనమునకు వాడుట చట్టవిరుద్ధము. వానకాలపు రోడ్డుపై అది ప్రాణాపాయము గూడ.

పాత టైరుపై గుర్తును కాగితముపై వ్రాసికొని, బండి పుస్తకముతో సరిచూచి, పిదప దుకాణమునకు పొండు. కర్షకునకు అది రెండు నిమిషముల పని.