ఉద్యానవనాలలో చిన్న రైళ్ళు: స్వచ్ఛంద సంఘాల నిర్వహణ, భద్రతా బాధ్యతలు

(ప్రత్యేక వ్యాసం)

పట్టణ ఉద్యానవనాలలో నడిచే చిన్న రైలు చూడటానికి ఆటవస్తువు వలె కనిపించినప్పటికీ, దానిపై కూర్చునే పిల్లలు నిజమైన ప్రయాణికులే. రైల్వే చట్టం ఇటువంటి రైళ్ళను తన పరిధి నుండి మినహాయించింది. చిన్న ఆవిరి ఇంజన్లలో చాలావాటికి బాయిలర్ల చట్టం కూడా వర్తించదు. అందువలన తనిఖీ బాధ్యత నడిపేవారిపైనా, స్థలం ఇచ్చిన పురపాలక సంఘంపైనా పడుతుంది. స్వచ్ఛంద సంఘాలు ఈ రైళ్ళను నడిపే పద్ధతిని, తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలో అటువంటి ప్రయత్నం జరిగినట్లయితే గమనించవలసిన అంశాలను అధికారులు, పాత్రికేయుల సౌకర్యార్థం ఈ వ్యాసం వివరిస్తుంది.

రైలుతో పెనవేసుకున్న ప్రాంతం

విజయవాడ - చెన్నై ప్రధాన మార్గంపై తెనాలి జంక్షన్‌గానూ, బాపట్ల ముఖ్యమైన స్టేషన్‌గానూ ఉన్నాయి. తెనాలి నుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా సాగే సుమారు 34 కిలోమీటర్ల శాఖామార్గం రేపల్లెలో ముగుస్తుంది. మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే 1916లో ఈ మార్గాన్ని నిర్మించింది. రైల్వే కొలువు, రైలు ప్రయాణం ఇక్కడి కుటుంబాలకు తరతరాలుగా పరిచయం. విశ్రాంత రైల్వే సిబ్బంది, లేత్ మరియు వెల్డింగ్ పనివారు, ఇంజనీరింగ్ విద్యార్థులు ఒకే ప్రాంతంలో లభించడం స్వచ్ఛంద సంఘానికి అనుకూలమైన అంశం.

రాష్ట్ర ప్రజలకు చిన్న రైలు కొత్త కాదు. విశాఖపట్నం కైలాసగిరిపైనా, హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ చిన్న రైళ్ళు సందర్శకులకు సుపరిచితమైనవే. అయితే అవి అధికార సంస్థల ప్రాంగణాలలో ఏర్పడినవి. సభ్యులే పట్టాలు వేసి, ఇంజన్లు తయారుచేసి, సెలవు రోజులలో నడిపే సంఘాల సంప్రదాయం ప్రధానంగా బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో పెంపొందింది.

చట్టం పరిధి

1989 రైల్వే చట్టం రెండవ సెక్షన్‌లోని నిర్వచనం ప్రకారం, ప్రదర్శనశాల మైదానాలు, జాతరలు, పార్కులు తదితర ప్రదేశాలలో కేవలం వినోదం కోసం వేసిన పట్టాలు "రైల్వే" క్రిందకు రావు. కనుక రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ వీటికి వర్తించదు. 1923 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2025 బాయిలర్ల చట్టం 25 లీటర్ల కన్న తక్కువ సామర్థ్యం గల పాత్రలను మినహాయించింది. 5 అంగుళాల గేజ్‌పై నడిచే నమూనా ఇంజన్ల బాయిలర్లు సాధారణంగా ఈ పరిమితికి లోబడే ఉంటాయి.

మినహాయింపు అనగా ప్రమాదం లేదని అర్థం కాదు. చిన్న బాయిలర్‌లోనూ ఆవిరి ఒత్తిడి ఒత్తిడే. నిర్లక్ష్యం వలన కలిగే హానికి సాధారణ చట్టాల క్రింద బాధ్యత యథాతథంగా ఉంటుంది. 2024 జూన్‌లో చండీగఢ్‌లోని ఒక వాణిజ్య సముదాయంలో పట్టాలు లేని బొమ్మ రైలు పెట్టె ఒరిగి 11 ఏళ్ళ బాలుడు మరణించాడు. వేగం తక్కువ కదా అని ఏమరుపాటు తగదని ఈ సంఘటన హెచ్చరిస్తున్నది.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలోని లాస్ ఏంజిలస్ నగరంలో గ్రిఫిత్ పార్కులో 1956లో ఏర్పడిన లైవ్ స్టీమర్స్ సంఘం ఈ తరహా నిర్వహణకు ప్రసిద్ధ ఉదాహరణ. ఏడున్నర అంగుళాల గేజ్‌పై సభ్యులు స్వచ్ఛందంగా రైళ్ళు నడుపుతూ ప్రజలను ఎక్కించుకుంటారు. చిత్ర నిర్మాత వాల్ట్ డిస్నీ ఆ సంఘపు తొలినాటి సభ్యులలో ఒకరు.

బ్రిటన్‌లో నమూనా ఇంజనీరింగ్ సంఘాలు తమ సమాఖ్యల ద్వారా బాయిలర్ పరీక్షా నియమావళిని స్వయంగా రూపొందించుకున్నాయి. కొత్త బాయిలర్‌ను నీటితో నింపి పని ఒత్తిడికి రెండు రెట్లు, తదుపరి పరీక్షలలో ఒకటిన్నర రెట్లు ఒత్తిడి కలిగించి పరిశీలిస్తారు. ఆవిరితో జరిపే పరీక్షలో సేఫ్టీ వాల్వు సరిగా తెరుచుకుంటున్నదీ లేనిదీ చూస్తారు. తన బాయిలర్‌కు తానే ధ్రువపత్రం ఇచ్చుకోరాదన్న నియమం ఈ పద్ధతికి ఆయువుపట్టు. ప్రభుత్వ తనిఖీ లేనిచోట సభ్యుల పరస్పర తనిఖీయే దాని స్థానాన్ని భర్తీ చేస్తున్నది.

ముగ్గురు యజమానులు, ఒకే ఒప్పందం

ఇటువంటి రైలులో స్థలం పురపాలక సంఘానిది, పట్టాలు సంఘానివి, ఇంజన్లు తరచుగా సభ్యుల సొంతం. ఏది ఎవరిదో కాగితంపై లేనట్లయితే, ఒక సభ్యుడు వైదొలగిన నాడు ఇంజను కూడా అతనితో వెళ్ళిపోతుంది, పట్టాలు గడ్డిలో మిగిలిపోతాయి.

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులతో సంఘాన్ని నమోదు చేయవచ్చును. పురపాలక సంఘంతో కుదుర్చుకునే ఒప్పందంలో స్థలం హద్దులు, కాలపరిమితి, బీమా, వసూళ్ళ లెక్కలు, సంఘం రద్దయితే పట్టాలను తొలగించే బాధ్యత స్పష్టంగా ఉండాలి. అన్నిటికన్న ముఖ్యమైనది రైలును ఆపివేసే అధికారం. ఆ రోజు విధులలో ఉన్న భద్రతాధికారి రైలు ఆపమంటే, కార్యవర్గ అధ్యక్షుడైనా, ముఖ్య అతిథి ఎదురుచూస్తున్నా, రైలు ఆగవలసిందే.

తెనాలి గుంటూరు జిల్లాలోనూ, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోనూ ఉన్నందున, మూడు పట్టణాలకు కలిపి ఒకే సంఘం ఏర్పడిన పక్షంలో ప్రతి పురపాలక సంఘంతోనూ వేర్వేరు ఒప్పందాలు అవసరమవుతాయి.

రైలు నడిచే రోజు

భారతీయ రైల్వేలో కీమన్ తన పరిధిలోని పట్టాల వెంట ప్రతిరోజూ నడిచి తనిఖీ చేస్తాడు. పార్కు రైలుకూ అదే సూత్రం. ప్రయాణికులను ఎక్కించే ముందు ఒక సభ్యుడు మార్గమంతా నడిచి ఫిష్‌ప్లేట్లు, బోల్టులు, గేజ్, మలుపులు పరిశీలించాలి. మరొకరు చక్రాలు, బ్రేకులు, కొక్కేలు చూడాలి. ఖాళీ రైలును ఒకసారి నడిపిన పిమ్మట ఇద్దరూ రిజిస్టరులో సంతకాలు చేయాలి. సంతకం లేని రోజు టిక్కెట్టు ఇవ్వరాదు.

డ్రైవరుతో పాటు చివరి పెట్టెపై గార్డు, ప్లాట్‌ఫారం వద్ద ఒకరు తప్పనిసరి. నేలకు ఎత్తుగా వేసిన 5 అంగుళాల మార్గంపై ప్రయాణికులు ఇరువైపులా కాళ్ళు వేసి కూర్చుంటారు గనుక, పాదాలు పలకపై నిలిపి ఉంచలేని పసివారిని ఎక్కించరాదు. ఏడుంపావు అంగుళాల నేల మార్గం మరింత నిలకడగా ఉంటుంది. అయితే దానికి కంచె అవసరం. వేగం మనిషి వడివడిగా నడిచే నడకను మించనవసరం లేదు.

నల్లరేగడి, ఉప్పుగాలి

కృష్ణా డెల్టాలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. చిన్న గేజ్‌లో కొద్దిపాటి కుంగుబాటు కూడా పెట్టెను ఒరగజేస్తుంది. తెనాలి, రేపల్లె పరిసరాలలో ఇటువంటి నేలపై ఇసుక, కంకర పరుపు, మురుగునీటి కాలువ లేకుండా పట్టాలు వేయరాదు. బాపట్లలో ఇసుక నేల నీటిని నిలువనీయదు గాని, బేరింగులలో చేరుతుంది. సూర్యలంక వైపు నుండి వీచే ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. కనుక తుపాను హెచ్చరిక వెలువడిన వెంటనే ఇంజన్లను, పెట్టెలను ఎత్తయిన గదికి తరలించే ఏర్పాటు ముందుగానే ఉండాలి.

తీరప్రాంతపు ఉప్పునీరు బాయిలర్‌కు పనికిరాదు. అది లోపల పొరకట్టి లోహాన్ని దెబ్బతీస్తుంది. వర్షపు నీటిని నిల్వచేసి వాడటం మేలు. కొత్త సంఘానికి తొలి ఇంజనుగా బ్యాటరీ ఇంజను శ్రేయస్కరం. పరీక్షలు జరపగల సభ్యులు సిద్ధమైన తరువాతనే ఆవిరి ఇంజన్లకు పూనుకోవచ్చును.

చేతిపని, వారసత్వం

తెనాలి శిల్పులు పాత బోల్టులు, నట్లు, గేర్లతో నిర్మించే విగ్రహాలు పేరొందినవి. బాపట్లలో ఇంజనీరింగ్, వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. అయితే శిల్పానికి పనికివచ్చే తుక్కు ఇనుము ఇరుసుకూ, బాయిలర్‌కూ పనికిరాదు. వాటికి ధ్రువీకరించిన లోహమే వాడాలి.

స్వచ్ఛంద సంఘాలను సాధారణంగా కుంగదీసేది ధనలేమి కన్న ఒకే వ్యక్తిపై ఆధారపడటం. ఆ ఒక్కరూ మంచం పట్టిన నాడు రైలు టార్పాలిన్ క్రిందకు చేరుతుంది. ప్రతి పనికీ ఇద్దరు శిక్షితులు, ప్రతి మరమ్మతుకూ లిఖితపూర్వక వివరం ఉన్నప్పుడే సంఘం తరం మారినా నిలుస్తుంది.

ప్రారంభోత్సవం ఒక్క రోజు, తనిఖీ ప్రతి రోజు. పార్కు రైలును సందర్శించే అధికారులు, పాత్రికేయులు ముందుగా తనిఖీ రిజిస్టరును, బాయిలర్ పరీక్షా పత్రాన్ని, బీమా గడువును చూడటం సముచితం. చట్టం వదిలిన ఖాళీని నింపవలసినవి ఆ మూడు కాగితాలే.