వార్తల్లో పదం: కన్సెషన్ ఒప్పందం

పాతబస్తీ మెట్రో వార్తలలో వినవచ్చు ‘కన్సెషన్ ఒప్పందము’ అనఁగా, పెట్టుబడి పెట్టి ప్రజోపయోగ నిర్మాణమును కట్టి, నియతకాలము నడపి, ఆదాయమును గైకొని, తుదకు ప్రభుత్వమునకు అప్పగించునట్లు ఒక సంస్థకు హక్కు నొసఁగు పత్రము. ఎల్ అండ్ టీ అనుబంధ సంస్థతో 2010 సెప్టెంబరు 4న కుదిరిన హైదరాబాదు మెట్రో ఒప్పందము 35 సంవత్సరములకు ఉద్దేశింపఁబడినది. పాతబస్తీలోని ఫలక్‌నుమా మార్గమును నాఁడు అందులోనిదే.

నిర్వచనములు, ఉభయుల బాధ్యతలు, దైవిక విపత్తులు, రద్దు చెల్లింపులు ఇట్టి పత్రములందు వేర్వేరు ప్రకరణములుగా నుండును. ఇవి బహిరంగముగా లభించునపుడు, క్రొత్త ఒప్పందములు రచించు న్యాయవాదులు వీనిని వెదకి నిబంధనల కూర్పును గ్రహింతురు. అయినను ఒక సందర్భమునకై పుట్టిన వాక్యమును పరిశీలింపక ప్రతిచేసినచో, నిర్వచనము లేని పదములును, వర్తింపని బాధ్యతలును వెంటవచ్చి వివాదమునకు దారితీయును.

టికెట్టు ఆదాయ మెవరిదో, నష్ట మెవరు భరింతురో, నిర్మాణ మెన్నఁడు ప్రభుత్వపరమగునో తెలియఁగోరు పౌరునకును ఈ పత్రమే ఆధారము.