కుర్చీ వదలని కొలువులు.. కరవైన కదలిక

ఉద్యోగుల నడకను లెక్కించడం ఒక ఎత్తు, పెంచడం మరో ఎత్తు

ఒకప్పుడు జిల్లా కార్యాలయంలో దస్త్రం కదలాలంటే మనిషి కదలవలసి వచ్చేది. గుమస్తా బల్ల నుంచి సూపరింటెండెంటు బల్లకు, అక్కడి నుంచి అధికారి గదికి, సంతకం అయ్యాక మళ్లీ రికార్డు గదికి దాన్ని ఎవరో ఒకరు మోసుకుపోయేవారు. ఈ-ఆఫీసు విధానం వచ్చాక దస్త్రం కంప్యూటర్ తెరమీదే ప్రయాణిస్తోంది. పనిలో వేగం పెరగడం సంతోషమే. ఉద్యోగి మాత్రం ఉదయం కూర్చున్న కుర్చీలోనే సాయంత్రం దాకా ఉండిపోతున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో వెల్లడించిన అంచనా ప్రకారం, 2022 నాటికి దేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. పురుషుల్లో ఇది 42 శాతం కాగా, స్త్రీలలో 57 శాతం. 2000లో దేశం మొత్తమ్మీద 22 శాతమే ఉండేది.

కండక్టరు ఎక్కిన మెట్లు

చేసే ఉద్యోగానికీ, గుండె జబ్బుకూ గల సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి ప్రసిద్ధ పరిశోధన లండన్ నగర బస్సుల్లో జరిగింది. బ్రిటన్ వైద్యుడు జెర్రీ మోరిస్ 1949లో దీనిని చేపట్టి, 1953లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు పనివేళల్లో అధిక భాగం కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు ఇస్తూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే తరహా జీవితం. అయినా డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది. వచ్చినా వయసు మీరాక, తక్కువ తీవ్రతతో వచ్చింది.

అయితే లావుగా ఉన్నవారే డ్రైవరు ఉద్యోగంలో చేరుతున్నారేమో అన్న సందేహం తలెత్తింది. దాన్ని తేల్చేందుకు మోరిస్ బృందం సిబ్బందికి కుట్టించిన యూనిఫాం కొలతలను తిరగేసింది. డ్రైవర్ల నడుము కొలత నిజంగానే ఎక్కువ. కానీ సన్నని వారిని సన్నని వారితో, లావుపాటి వారిని లావుపాటి వారితో పోల్చి చూసినా, హఠాన్మరణాలు కండక్టర్లలోనే తక్కువని తేలింది. దర్జీ టేపు వైద్యశాస్త్రానికి ఇంతగా అక్కరకు వచ్చిన సందర్భం మరొకటి ఉండకపోవచ్చు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

శ్రమను కొలవడంలో అసలు చిక్కు జ్ఞాపకంతోనే. ‘వారానికి ఎంతసేపు నడుస్తారు?’ అని అడిగితే ఎక్కువమంది ఉన్నదానికన్నా పెంచి చెబుతారు. ఆ తరువాతి కాలంలో బ్రిటన్ ప్రభుత్వోద్యోగులను పరిశీలించినప్పుడు మోరిస్ దీనికో ఉపాయం కనిపెట్టారు. సోమవారం ఉదయం కాగితాలిచ్చి, అంతకు ముందు శుక్ర, శనివారాల్లో ఏ సమయంలో ఏం చేశారో రాయమన్నారు. గుర్తున్నది రాయడమే తప్ప గొప్పలకు అందులో చోటు తక్కువ.

నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 16 ప్రశ్నల పత్రం వాడుకలో ఉంది. పనిలో శ్రమ, రాకపోకల్లో శ్రమ, తీరిక వేళల్లో శ్రమ, కూర్చునే సమయం.. ఇలా వేర్వేరుగా అడగడం దీని ప్రత్యేకత. ఇంటి చాకిరీని కూడా పని కిందే లెక్కిస్తారు. ఆఫీసు నుంచి వెళ్లాక వంటింట్లో నిలబడే మహిళా ఉద్యోగిని ‘వ్యాయామం లేదు’ అన్న గడిలో వేసేసే పొరపాటు దీనివల్ల తప్పుతుంది. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ, అంటే చురుకైన నడక వంటిది, ఉండాలన్నది ఆ సంస్థ సూచన.

అడుగులు లెక్కించే పరికరాలకు జ్ఞాపకంతో పనిలేదు. వాటి లోపాలు వాటికున్నాయి. బల్ల సొరుగులో వదిలేసిన ఫోను ఏ అడుగునూ లెక్కించదు. సైకిలు తొక్కిన శ్రమ నడుముకు పెట్టుకునే పరికరానికి సరిగా అందదు. ‘రోజుకు పదివేల అడుగులు’ అన్న లక్ష్యం కూడా వైద్యులు తేల్చినది కాదు. 1965లో జపాన్‌లో ‘పదివేల అడుగుల మీటరు’ అన్న పేరుతో అమ్మకానికి వచ్చిన పరికరం నుంచే ఆ సంఖ్య ప్రచారంలోకి వచ్చింది. అమెరికాలో వయోధిక మహిళలపై జరిపి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కన్నా 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక అదనపు మేలు కనిపించలేదు. పదివేలు చూసి బెదిరి అసలు మొదలే పెట్టనివారికి ఇది ఊరట.

డబ్బు ఆశ ఎన్నాళ్లు?

ఇక ప్రోత్సాహం సంగతి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 281 మంది ఉద్యోగులకు రోజుకు 7 వేల అడుగుల లక్ష్యం పెట్టారు. కొందరికి లక్ష్యం చేరిన రోజున 1.40 డాలర్లు ఇచ్చారు. మరికొందరికి నెల మొదట్లోనే 42 డాలర్లు కేటాయించి, తప్పిన ప్రతిరోజూ అంతే కోత విధించారు. ఏమీ ఇవ్వనివారు 30 శాతం రోజుల్లో, బహుమతి పొందేవారు 35 శాతం రోజుల్లో లక్ష్యం చేరితే, కోత భయం ఉన్నవారు 45 శాతం రోజుల్లో చేరారు. చేతికి వచ్చిన సొమ్ము పోతుందంటే ఎవరి కాళ్లయినా కదులుతాయి మరి!

ఆ ఊపు నిలుస్తుందా అన్న ప్రశ్నకు సింగపూర్ జవాబు చెప్పింది. అక్కడ 13 సంస్థల్లోని 800 మంది ఉద్యోగులపై జరిపిన ప్రయోగ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆరు నెలలు నగదు ఇచ్చినంత కాలం శ్రమ పెరిగింది. ఆపేశాక నగదు బృందం మునుపటి స్థితికే వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఫిట్‌బిట్ పరికరాన్ని ఇంకా ధరిస్తున్నవారు పదింట ఒక్కరే. బరువులో, రక్తపోటులో మెరుగుదల కనిపించలేదు.

కాబట్టి కార్యాలయాలు పోటీలు, పతకాలకన్నా ఏర్పాట్ల మీద ఖర్చు పెట్టడం మేలు. లండన్ కండక్టరుకు ఎవరూ బహుమతి ఇవ్వలేదు, పని తీరే అతణ్ని మెట్లెక్కించింది. చీకటిగా, చెత్తబుట్టలతో నిండిన మెట్లను శుభ్రం చేసి దీపాలు పెట్టడం, మంచినీళ్లు, ప్రింటరు వంటివి సీటుకు దూరంగా ఉంచడం, చిన్న సమావేశాలు నిలబడే జరపడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కేంద్ర ఆయుష్ శాఖ 2021లో పనివేళల కోసం అయిదు నిమిషాల యోగాభ్యాసంతో ‘వై-బ్రేక్’ యాప్‌ను విడుదల చేసింది. అయితే అధికారి కుర్చీ దిగనిదే సిబ్బంది దిగరు.

ఏ ఉద్యోగి ఎన్ని అడుగులు వేశాడన్నది అతని వద్దే ఉండాలి. కార్యాలయానికి మొత్తం లెక్క చాలు. పేర్లతో పట్టిక గోడకెక్కితే మోకాళ్ల నొప్పులున్నవారు, గర్భిణులు, దివ్యాంగులు నలుగురిలో చిన్నబోతారు. బరువులు మోసే హమాలీలు, రోజంతా ఊడ్చే పారిశుద్ధ్య సిబ్బందికి ఇంకా నడవమని చెప్పడమూ సబబు కాదు. డెన్మార్క్‌లో లక్ష మందికి పైగా వయోజనులపై జరిపిన పరిశీలన 2021లో వెలువడింది. తీరిక వేళల వ్యాయామం గుండెకు మేలు చేస్తుండగా, ఉద్యోగంలోని అధిక శ్రమ అలాంటి మేలు చేయడం లేదని అందులో తేలింది. వారికి కావలసింది విశ్రాంతి.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, నడిస్తే ఛాతీలో నొప్పి లేదా ఆయాసం వచ్చేవారు వైద్యుణ్ని సంప్రదించిన తరువాతే నడక వేగం పెంచాలి. మిగిలినవారు మధ్యాహ్న భోజనం తరువాత పది నిమిషాల నడకతో మొదలుపెట్టవచ్చు.