సున్నం చేతికి ఏ లాక్ మేలు?

జ్వరంలో ఉన్న పురుగులకు సున్నం చల్లిన చేత్తోనే ఫోన్ తీస్తాం. వేలిముద్ర పడదు. విసుగొచ్చి కొందరు లాకే తీసేస్తారు, కొందరు ప్యాటర్న్ గీస్తారు. ప్యాటర్న్‌తో చిక్కేంటంటే, గీసిన జాడ అద్దం మీద మిగిలిపోతుంది. వేలి జిడ్డు మరకను బట్టే ప్యాటర్న్ పట్టేయొచ్చని 2010లోనే అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ఇక సున్నం వేలి సంగతి చెప్పేదేముంది!

అందుకే అంకెల పిన్ నయం. నాలుగంకెలతో 10 వేల పిన్‌లు కుదురుతాయి, ఆరంకెలతో 10 లక్షలు. ఆరే పెట్టుకోండి. బండి నంబరు, పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు.

గూళ్ల డబ్బు నాన్న ఖాతాలో పడుతుంది, కొడుకేమో బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో. మందుల కొట్టుకు వాడు కట్టాలని యూపీఐ పిన్ వాట్సాప్‌లో పంపేస్తున్నారు. ఆ పని చేయకండి. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌లో కొడుకుని చేర్చుకోవచ్చు. ఒక్కోసారి 5,000, నెలకు 15,000 రూపాయల లోపు హద్దు పెట్టి వదిలేయొచ్చు. లేదంటే వాడు కట్టబోయిన ప్రతిసారీ నాన్నే తన ఫోన్లో పిన్ కొట్టి ఒప్పుకోవచ్చు. చేతులు కడుక్కొని, తీరిగ్గా.

డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. అడిగారంటే మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.