రంగు తెలియకపోతే మ్యాపు చదవలేమా?

2020 మే నెల గుర్తుందా? కరోనా తీవ్రతను బట్టి కేంద్రం 733 జిల్లాలను మూడు జోన్లు చేసింది. 130 రెడ్‌, 284 ఆరెంజ్‌, 319 గ్రీన్‌. మన మేడ్చల్‌-మల్కాజిగిరి రెడ్‌లో పడింది. మేడ్చల్‌లోనైనా, శామీర్‌పేటలోనైనా దేనికి అనుమతి, దేనికి కాదు అన్నది ఆ రంగును బట్టే. కానీ అలాంటి మ్యాపులో ఎరుపు, ఆకుపచ్చ రెండూ మట్టిరంగులా కనిపించేవాళ్లు మన మధ్యే ఉన్నారు.

ఎవరికి వస్తుంది?

దీన్నే వర్ణాంధత్వం అంటాం. చూపు బాగానే ఉంటుంది, కొన్ని రంగుల మధ్య తేడా మాత్రం తెలియదు. కారణమైన జన్యువు ఎక్స్‌ క్రోమోజోములో ఉంటుంది కాబట్టి మగవాళ్లలోనే ఎక్కువ. తాతకున్న లోపం కూతురిలో బయటపడకుండా మనవడికి రావచ్చు. స్వల్ప, మధ్యస్థ స్థాయి ఉన్నవాళ్లకూ డ్రైవింగ్‌ లైసెన్సు ఇచ్చేలా 2020 జూన్‌లో కేంద్రం నిబంధనలు మార్చింది. రంగు పోల్చుకోలేకపోయినా సిగ్నల్‌లో పై లైటు వెలిగితే ఆగాలని తెలుస్తుంది కదా! మ్యాపులో ఆ సౌకర్యం లేదు.

ప్లాటు కొనేటప్పుడు

ఔటర్‌ రింగు రోడ్డు చుట్టుపక్కల స్థలం కొనేవాళ్లు ముందు చూసేది మాస్టర్‌ప్లాన్‌ మ్యాపే. ప్లానింగ్‌ మ్యాపుల్లో సాధారణంగా నివాసానికి పసుపు, వ్యవసాయానికి లేత ఆకుపచ్చ వేస్తారు. మాటల్లో రెండింటినీ 'పచ్చ' అనేస్తాం. మ్యాపులో అలా పొరబడితే లక్షలు పోతాయి! అందుకే రంగును నమ్ముకోకుండా, సర్వే నంబరు ఇచ్చి హెచ్‌ఎండీఏ నుంచి భూవినియోగ ధ్రువపత్రం తీసుకోవడం మేలు.

గీసేవాళ్లు ఏం చేయాలి?

* రంగుతో పాటు మాట కూడా రాయాలి. వాతావరణ హెచ్చరికల మ్యాపులో జిల్లా మీదే 'రెడ్‌', 'ఆరెంజ్‌' అని ఉంటే చాలు.
* ఎరుపు-ఆకుపచ్చ జోడీకి బదులు నీలం-నారింజ వాడాలి.
* తీవ్రత పెరిగేకొద్దీ రంగు ముదురు చేయాలి.
* చార్టులో ఏ గీత దేనిదో ఆ గీత చివరే రాయాలి. ఒకటి చుక్కలుగా, ఒకటి నిండుగా ఉంటే ఇంకా మంచిది.

జపాన్‌ శాస్త్రవేత్తలు ఒకాబే, ఇతో అందరికీ తేడా తెలిసే 8 రంగుల వరుస తయారుచేశారు. కలర్‌బ్రూవర్‌ అనే ఉచిత వెబ్‌సైటులోనూ ఇలాంటి రంగులు దొరుకుతాయి.

ఇవేవీ లేకపోయినా ఒక తేలిక పరీక్ష ఉంది. మీ మ్యాపును బ్లాక్‌ అండ్‌ వైట్‌లో జిరాక్స్‌ తీయించండి. అప్పుడూ అర్థమైతే అది అందరికీ పనికొచ్చినట్టే.