ఘాజీని ముంచింది కురుసుర కాదు: 1971లో విశాఖ సముద్రంలో అసలేం జరిగింది?

నౌకాదళం గురించి ఎక్కడ మాట్లాడినా కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఆర్కే బీచ్‌లో ఉన్న సబ్‌మెరైనే కదా ఘాజీని ముంచింది?" కాదండీ. 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ కురుసుర అరేబియా సముద్రం వైపు ఉంది. విశాఖ దగ్గర లేనే లేదు. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమాలో రెండు సబ్‌మెరైన్లు నీళ్ల అడుగున తలపడతాయి కదా, ఆ బొమ్మే అందరి బుర్రలో ఉండిపోయింది. సినిమా నాకూ నచ్చింది. కానీ ఆ పోరాటం కల్పన.

అసలు ఘాజీ ఇంత దూరం ఎందుకొచ్చింది? మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం. అప్పుడు విక్రాంత్ బాయిలర్‌లో పగుళ్లు ఉన్నాయి, పూర్తి వేగం అందుకోలేదు. అందుకే దాన్ని తూర్పు తీరానికి పంపారు. పాకిస్తాన్ దగ్గర ఫ్రాన్స్ నుంచి కొన్న కొత్త సబ్‌మెరైన్లు మూడు ఉన్నా, కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతం దాకా రాగలిగింది ఘాజీ ఒక్కటే. అది 1945లో అమెరికా నేవీలో 'డయాబ్లో' పేరుతో చేరిన పాత పడవ. 1964లో పాకిస్తాన్ చేతికొచ్చింది. 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది.

ఇక్కడ తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన విక్రాంత్‌ని గుట్టుగా అండమాన్ వైపు పంపేసి, అది విశాఖలోనే ఉందని నమ్మించే పని పెట్టుకున్నారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని పిలిపించి, పెద్ద నౌక ఉన్నట్టు అనిపించేలా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఊళ్లో పెద్ద మొత్తంలో కూరగాయలకీ మాంసానికీ ఆర్డర్లు ఇప్పించారు, గూఢచారుల చెవిన పడాలని. ఇంకా నాకు బాగా నచ్చింది ఏంటంటే, విక్రాంత్‌లోని నావికుడు ఒకడు తన తల్లి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు ఒక మామూలు టెలిగ్రాం! ఎవరైనా వినాలనే పంపిన సందేశం అది. ఇవన్నీ కృష్ణన్ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు.

డిసెంబర్ 3 సాయంత్రం పశ్చిమాన మన ఎయిర్‌ఫీల్డుల మీద పాకిస్తాన్ దాడులతో యుద్ధం మొదలైంది. ఆ రాత్రి రాజ్‌పుత్ విశాఖ హార్బర్ దాటి బయటికొచ్చింది. నీళ్లలో ఏదో కదలిక కనిపిస్తే రెండు డెప్త్ చార్జ్‌లు వదిలింది. డెప్త్ చార్జ్ అంటే పేలుడు పదార్థం నింపిన డ్రమ్ములాంటిది. ఎంత లోతులో పేలాలో ముందే సెట్ చేస్తారు. సబ్‌మెరైన్‌కి తగలక్కర్లేదు, దగ్గర్లో పేలితే నీటి ఒత్తిడే దెబ్బతీస్తుంది. ఆ అర్ధరాత్రి సమయంలోనే పెద్ద పేలుడు. తీరంలో ఇళ్ల కిటికీ అద్దాలు పగిలాయి. తెల్లారాక జాలర్లకి సముద్రంలో తేలుతున్న వస్తువులు దొరికాయి. ఘాజీలో ఉన్న 93 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఇక గొడవంతా ఇక్కడే. రాజ్‌పుత్ ముంచిందని మన అధికారిక మాట. మైన్లు పరుస్తుంటే సొంత మైనే పేలి ఉంటుందని పాకిస్తాన్ మాట. బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు పుట్టే హైడ్రోజన్ వాయువు అంటుకుందని ఇంకో వాదన. శకలాన్ని పరిశీలించాక, పేలుడు లోపలి నుంచే జరిగినట్టుందని మన నేవీ పెద్దలే కొందరు రాశారు. ఆ ఆపరేషన్ ఫైళ్లు ధ్వంసమైపోయాయని 2010లో పత్రికల్లో వచ్చింది. అంటే కాగితం సాక్ష్యం చాలావరకు లేదు.

నన్నడిగితే, రెండు కథలూ ఒకదాన్నొకటి కొట్టేయక్కర్లేదు. బయట పేలిన డెప్త్ చార్జ్ అదురుకి లోపలున్న మైన్లో టార్పెడోలో పేలి ఉండొచ్చు. ఇది నా అంచనా మాత్రమే, రుజువు కాదు. టీవీ చర్చల్లో నాకు ఇబ్బంది అక్కడే. "ముంచామా లేదా, ఒక్క మాటలో చెప్పండి" అంటారు. ఒక్క మాటలో చెబితే అది విశ్లేషణ కాదు, నినాదం. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. విక్రాంత్ అక్కడ లేదు. లేని నౌక కోసం ఘాజీ విశాఖ ముందు కాచుకుని కూర్చుంది. కృష్ణన్ గెలుపు అది.

ఇప్పుడు మన ఫోన్ల సంగతి చూడండి. 2025 మే నెలలో "కొత్త విక్రాంత్ కరాచీ పోర్టుని తగలబెట్టేసింది" అని ఎన్ని వీడియోలు తిరిగాయో! కొన్ని చానెళ్లూ వేసేశాయి. అందులో బాగా తిరిగిన ఒక క్లిప్ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విమానం కూలినప్పటిది. కరాచీ మీద దాడికి సిద్ధంగా ఉన్నామని తర్వాత నేవీ చెప్పింది. సిద్ధంగా ఉండటం వేరు, దాడి చేయడం వేరు. 1971లో తప్పుడు కబురు పంపింది మన నేవీ, శత్రువు మోసపోవాలని. 2025లో మోసపోయింది మనమే, అదీ మనం ఒకరికొకరం ఫార్వర్డ్ చేసుకుని.

చివరగా శకలం గురించి. 1971లోనే నిస్తార్ అనే నౌక నుంచి మన డైవర్లు దిగి దాన్ని చూశారు. 2024లో విశాఖకి దగ్గర్లో, సుమారు 100 మీటర్ల లోతులో, నేవీ కొత్త రెస్క్యూ వాహనంతో మళ్లీ గుర్తించారు. ముట్టుకోలేదు. శత్రువులే అయినా లోపల ఉన్నది చనిపోయిన నావికులు, సముద్రంలో పనిచేసేవాళ్లు దాన్ని సమాధిగానే చూస్తారు. పాత నిస్తార్ ఇప్పుడు లేదు. అదే పేరుతో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త నౌక 2025 జులైలో విశాఖలోనే నేవీలో చేరింది. దాని పని కూడా అదే: డైవర్లని లోతుకి దించడం, ఆపదలో ఉన్న సబ్‌మెరైన్ల దగ్గరికి సాయం చేర్చడం.